కోల్మన్ బండ

ఐర్లండు తీరాన ఇనిష్‌రోన్ దీవి రేవు నోటికి అడ్డంగా పడుకుని ఉంటుంది. లోపల నీళ్లు చెరువులా ఉన్నా, పడమటి పాయనిండా బండలే. ఏ బండకి ఎవరి పడవ గుద్దుకుంటే దానికి వాళ్ల పేరే పెడతారు. మళ్లీ ఇంకెవరైనా గుద్దితే పాత పేరు పోతుంది. కోల్మన్ ఆ పాయలో నలభై ఏళ్లుగా జనాన్ని దాటిస్తున్నాడు. ఎడమచెయ్యి చుక్కాని మీద, కుడిచేతిలో చల్లారిన టీ. మనుషుల్నీ గొర్రెల్నీ ఒకే గొంతుతో "జరగండి, జరగండి" అని సర్దుతాడు. కోల్మన్ బండ దగ్గరికి రాగానే మాత్రం టోపీ కళ్లమీదికి లాక్కుంటాడు. పందొమ్మిదో ఏట, పట్టపగలు, పెళ్లివారితో సహా దాన్ని గుద్దాడు మరి. అందరూ బతికారు, కేకు తడిసింది. ఊరు ఇంకా నవ్వుతూనే ఉంది.

మొన్న మంగళవారం సముద్రపు పటాలు గీసే ఆఫీసరు పడవెక్కి, ఒక్కో బండ పేరూ అడిగి రాసుకున్నాడు. కోల్మన్ బండ దగ్గరికి రాగానే, "మరి ఇది?" అన్నాడు.

"చెప్పరా, సిగ్గెందుకు! కేకు సంగతి కూడా రాయించు," అంది బంగాళదుంపల సంచి ఒళ్లో పెట్టుకున్న ముసలి నోరీన్.

కోల్మన్ టోపీ తీసేశాడు. "మర్టీ బండ అని రాసుకోండి సార్."

మర్టీ నోరీన్ తండ్రి, కోల్మన్ కంటే ముందు ఆ బండని గుద్దినవాడు. ఆమె నవ్వు ఆగిపోయింది. "అది నీ బండ కదరా ఇప్పుడు."

"నేను ఈదుకుంటూ ఒడ్డుకొచ్చానక్కా. మీ నాన్న రాలేదు. ఆయన పేరు తుడిచేసింది నేనే."

ఆఫీసరు రాశాడు. నోరీన్ "ఏదీ, చూపించు బాబూ," అని ఆ పేరు మీద వేలు పెట్టింది. రేవు చేరేదాకా ఆ వేలు తియ్యలేదు.