యేసుమణి మాట మీద వేయించుకున్న సూది

యేసుమణి ఉడకేసిన చెనక్కాయలు అమ్ముకుని బతికే మనిషి. మార్కాపురానికి పడమరనున్న ఒక చిన్న బస్తీలో, సత్రం గోడ వార గోనెపట్ట పరుచుకుని కూర్చునేది. పక్కనే పిచ్చమ్మ దోసకాయల గంప. ఇద్దరిదీ ఒకే పాలెం, ఒకే చర్చి.

తెల్లదొరల కాలం. ఒక ఎండాకాలం గిద్దలూరు వైపు కలరా తగిలింది. తిరునాళ్ల ముందర పంచాయతీ బోర్డు ప్రెసిడెంటు ప్రభాకరరావు బజారుకొచ్చి, అమ్ముకునేవాళ్లంతా సూది వేయించుకోవాలన్నాడు. వేయించుకున్నవాళ్లను తిరునాళ్లలో బజారు నుంచి ఎవరూ లేపరని మాటిచ్చినాడు. బోర్డు బంట్రోతులు గంపలు తన్నడం ఎరిగినవాళ్లు కాబట్టి ఎవరూ కదల్లేదు. యేసుమణికి మాత్రం ఆయన ముఖంలో అబద్ధం కనపడలేదు. నిజానికి ఆ పూట ఆయన అబద్ధమాడలేదు కూడా. ఆమే ముందు చెయ్యి చాపింది. పిచ్చమ్మ జంకుతుంటే, "నా మాట మీద రా అక్కా" అని పట్టుకుని తీసుకుపోయింది. వాళ్లను చూసి తక్కినవాళ్లూ వచ్చినారు. అందరికీ జబ్బలు వాచి, జ్వరాలొచ్చినాయి.

తిరునాళ్ల పొద్దున బంట్రోతులు వచ్చి గంపలన్నీ బండికెత్తినారు. వీధిలో తిండి అమ్మకూడదని జిల్లా నుంచి హుకుం వచ్చిందంట. యేసుమణి ప్రెసిడెంటు ఇంటికి పోయి, వాచిన జబ్బ చూపించి నిలబడింది.

"పైనుంచి వచ్చింది. నేనేం చేసేదమ్మా?" అన్నాడాయన, నేల చూపులు చూస్తా.

బజారులో ఆమెను ఎవరూ తిట్టలేదు. ఆమె రాగానే మాటలు మాత్రం ఆపేసేవాళ్లు. వెనకాల "బోర్డు మనిషి" అని పేరు పెట్టినారు.

మరుసటేడు కలరా పాలెంలోకే వచ్చింది. నిరుటి సూది బలం ఇంకా ఉండదని కాంపౌండరు చెప్పినాడు. యేసుమణి తాను వేయించుకుని, పిచ్చమ్మ గడపకు పోయి బతిమాలింది. బోర్డును చూడొద్దు, నీ పాణాన్ని చూసుకో అన్నది. పిచ్చమ్మకు కోపం కూడా లేదు.

"నిరుడు నీ మాట విన్నా కదా మణీ. ఇంక చాలు" అని తలుపు దగ్గరికి వేసుకుంది.

ఆ వారంలోనే ఆమెకు వాంతులు పట్టుకున్నాయి. పొద్దు గూకేలోపే పోయింది. సమాధి దగ్గర పిచ్చమ్మ కూతురు ఎలీషబా, "నిరుడు నిన్ను నమ్మి మోసపోబట్టే మాయమ్మ ఈసారి సూది వద్దనింది" అని యేసుమణిని మన్ను వేయనీయలేదు.

తర్వాత యేసుమణి బజారు మానేసి కూలికి పోయింది. సూదులవాళ్లు వస్తున్నారంటే పాలెం పాలెమంతా చేలల్లోకి వెళ్లిపోయేది. సూది మంచిదేనని ఆమెకు తెలుసు. అయినా తన పిల్లల్ని వెంటబెట్టుకుని అందరితో బాటే తానూ పోయి, కందిచేలో తలొంచుకుని కూర్చునేది.