తార్నాక ప్రయాణం: నేను ఆపేసిన వైఫై

పోయిన వారం సువార్త టీచర్ ఫోన్ చేశారు. మాణికేశ్వర్ నగర్‌లో, యూనివర్సిటీ ప్రహరీకి ఆనుకుని ఉన్న ఒక చిన్న బడిలో ఆవిడ లెక్కలు చెబుతారు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికినప్పుడు ఇలాంటి బళ్లలో లోకల్ సర్వర్లు పెట్టి వస్తుంటాను. ఇంటర్నెట్ లేకపోయినా బడి వైఫై మీదుగా పాఠాల వీడియోలు, పుస్తకాలు అందించే చిన్న పెట్టె అది. ఆ బడిలో పాత పెట్టె తీసేసి కొత్తది పెట్టింది నేనే, పోయిన నవంబరులో. "సార్, కొత్త మిషన్ సిగ్నల్ గోడ అవతలికి వస్తలేదా? పాత దాన్కైతే వచ్చేది" అని అడిగారు. సిగ్నల్ రాకపోవడమేమిటి, భేషుగ్గా వస్తుంది. దాన్ని మూసింది నేను. ఎక్కడ ఏం నొక్కాలో ఫోన్లోనే చెప్పేస్తే సరిపోయేది కానీ, ముఖం చాటేసి సర్దుకోవడం సిగ్గనిపించి శనివారం బయల్దేరాను.

మియాపూర్‌లో ఎనిమిదింటికి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, నాగోలు వైపు వెళ్లే రైలు పట్టుకుంటే తార్నాకకు గంట లోపే. స్టేషన్ మెట్లు దిగగానే ఆటోలు ఉంటాయి. ఎనభై అడుగుతారు, బేరమాడితే అరవైకి వస్తారు. మా డ్రైవరు "క్యాంపస్ లోపల్నుంచి పోదామా సార్? చెట్లుంటయ్, చల్లగుంటది" అన్నాడు. సరేనన్నాను. పుస్తకాలు ముందేసుకుని చెట్ల కింద కూర్చున్న పోటీపరీక్షల కుర్రాళ్లను చూస్తుంటే మామూలుగా ముచ్చటేస్తుంది. ఆ రోజు మాత్రం చూపు తిప్పుకున్నాను.

ఎందుకో చెప్పాలంటే నవంబరుకు వెళ్లాలి. అప్పుడు కూడా ఇదే దారిన వచ్చి, క్యాంపస్ వెనక గేటు దగ్గర బాలమణి టిఫిన్ బండి ముందు ఆగాను. ముప్పై రూపాయలకి నాలుగు ఇడ్లీలు, అల్లం చట్నీ ఎంత కావాలంటే అంత. బడిలో కంప్యూటర్ పని మీద వచ్చానని తెలిసి ఆవిడ సంబరంగా చెప్పింది: "మా రేణుక టెన్త్ సార్. సాయంత్రమైతే గా ఇస్కూల్ గోడకాడ కూసుంటది. నా ఫోన్ల లెక్కల పాఠాలు వస్తయంట, రీచార్జి లేకున్న గూడ." నేను నవ్వి, బాగా చదివించమని చెప్పి, చేయి కడుక్కుని వెళ్లాను.

కొత్త సర్వర్ పెట్టేటప్పుడు అది ఒక్కో సేవ గురించీ కావాలా వద్దా అని అడుగుతుంది. పుస్తకాల గది, వీడియోలు, పిల్లల ఫైళ్లు దాచే చోటు, ప్రింటింగ్, చెడ్డ సైట్లకు అడ్డుకట్ట. సువార్త టీచర్ క్లాసులో ఉన్నారు. హెడ్‌మాస్టరు గారేమో మీకు ఏది మంచిదనిపిస్తే అది పెట్టండన్నారు. అలా ఒక్కణ్ణే కూర్చుని టకటకా నొక్కుకుంటూ పోయాను. చివర్లో 'పాస్‌వర్డ్ లేకుండా, బడి వేళల తర్వాత కూడా వైఫై' అని వచ్చింది. బాలమణి మాట గుర్తుకు రాలేదని బుకాయించను. వచ్చింది. బయటివాళ్లు వాడేస్తున్నారన్నమాట, మంచి లొసుగే దొరికింది అనుకున్నాను. వద్దు అని నొక్కి, పని శుభ్రంగా చేశానని మురిసిపోయాను కూడా.

శనివారం ఆ పనిని తిరగేయడానికి రెండు నిమిషాలు పట్టింది. జరిగింది చెబితే సువార్త టీచర్ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. రేణుక లెక్కల్లో తప్పిందనీ, సప్లిమెంటరీ రాయమని ఇంటికెళ్లి బతిమాలినా రాయనందనీ, ఇప్పుడు అడిక్‌మెట్‌లో ఒకావిడ దగ్గర కుట్టుపనికి పోతోందనీ చెప్పారు.

పదకొండింటికి బండి దగ్గరికి వెళ్లాను. బాలమణి నన్ను గుర్తుపట్టి ప్లేటు తీసింది. తినలేనని చెప్పి, నిలబడే అంతా చెప్పేశాను. ఆవిడ గరిటె పక్కన పెట్టింది.

"పాఠాలు వస్తలేవే అమ్మా అని మస్తు చెప్పింది సార్. నేను నమ్మలే. సినిమాలు చూస్తున్నవని ఫోన్ గుంజుకున్న. రెండు దెబ్బలు గూడ ఏసిన." పొయ్యి మంట తగ్గించి, "గట్లయితే అది అబద్ధం చెప్పలే" అంది.

ఆ మాట దానికి మీరే చెప్పండి అంటూ కుట్టుపని ఆవిడ ఫోన్‌కు కలిపి నా చేతికిచ్చింది. తప్పు నాదేననీ, నువ్వు చెప్పింది నిజమేననీ రేణుకకు చెప్పాను. అవతల మిషన్ చప్పుడు ఆగింది.

"ఇప్పుడు వస్తున్నయా సార్?"

వస్తున్నాయన్నాను.

"మంచిది సార్. మా చెల్లెకు పనికొస్తయ్."

తిరుగు ప్రయాణంలో మెట్రోలో సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, కావాలా వద్దా అని యంత్రం అడిగితే జవాబు చెప్పాల్సింది నేనేననుకున్నాను. జవాబు తెలిసిన మనిషి ఆ పొద్దున నాకు ఇడ్లీలు పెట్టి మరీ చెప్పింది. రేణుక వచ్చే ఏడాదైనా పరీక్ష రాస్తుందేమో, సువార్త టీచర్ ఆశ వదల్లేదు. నాకు మాత్రం ఆ పిల్ల తిన్న రెండు దెబ్బలు మనసులోంచి పోవడం లేదు. మీరూ ఇలా ఏదైనా బడికి సర్వర్ పెట్టడానికి వెళ్తుంటే ఒక్క సలహా: పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి ముగించుకుని రాకండి. ముందురోజే వెళ్లి, సాయంత్రం ఐదున్నరకు ఆ బడి గోడ బయట ఎవరు కూర్చుంటున్నారో చూసి, ఆ తర్వాతే ల్యాప్‌టాప్ తెరవండి.