జాతకాలాయన పెంచిన పుంజులు

హేచరీలో ఆయన్ని అందరూ జాతకాలాయన అనేవాళ్లు. పుట్టి ఒక పూటైనా కాని కోడిపిల్లను ఎడమ అరచేతిలోకి తీసుకుని, తోక కింద బొటనవేలితో సుతారంగా నొక్కి, దీపం వెలుగులో ఒక్క చూపు చూస్తే చాలు, అది పెట్టో పుంజో చెప్పేసేవాడు. పెట్టయితే కుడివైపు ట్రేలోకి, పుంజయితే ఎడమవైపు నీలం డబ్బాలోకి. అది గుడ్ల కోసం పెంచే జాతి. పుంజు గుడ్డు పెట్టదు, కండ పట్టదు. డబ్బా నిండగానే ఒక మనిషి వచ్చి పట్టుకుపోయేవాడు. వాటిని తీసుకెళ్లే గదిలోకి జాతకాలాయన ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారైనా తొంగిచూడలేదు. చూడనంత మాత్రాన తెలియకుండా పోతుందా?

కళ్లలో శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ అయింది గానీ చూపులో పాత పదును తిరిగి రాలేదు. గంటకు వెయ్యి పిల్లల్ని చూసే చెయ్యి అందులో సగానికే తడబడసాగింది. పొమ్మనలేక పొగబెట్టే దాకా ఎందుకని తానే మానేశాడు.

ఇంట్లో ఆయనా, భార్యా ఇద్దరే. ముందు గదిలో ఆమె కుట్టుమిషను, వెనక బట్టలారేసుకునే తీగ, ఆ పక్కన ఒక ఖాళీ రేకుల షెడ్డు. రోజంతా ఆ మిషను చప్పుడు వింటూ గోడవైపు చూస్తూ కూర్చునే భర్తను ఆమె నెల రోజులు భరించింది.

"ఏమండీ, ఇలా కూర్చుంటే మీకు పిచ్చెక్కుతుంది. ఓ డజను పెట్ట పిల్లల్ని తెచ్చుకుందాం. మీ హేచరీవాళ్లు మీకైతే ఏరి మరీ ఇస్తారు."

"హేచరీ పిల్లలు వద్దు."

"అదేంటి? ఇన్నేళ్లూ ఆ కూడే కదా తిన్నాం?"

"తిన్నాం కాబట్టే వద్దంటున్నా. గుడ్లు తెచ్చి మనమే పొదిగిద్దాం. వచ్చినవన్నీ ఉంచుకుందాం."

"అన్నీ అంటే?"

"అన్నీ అంటే అన్నీ."

రెండు బస్సులు మారి ఆయన ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లాడు. ఆమె ఎర్రగోధుమ రంగు కోళ్లను పుంజులతో కలిపి పెంచి, పొదగడానికి గుడ్లు ఇస్తుంది. ఇచ్చేముందు ఉన్న మాట చెప్పింది.

"తమ్ముడూ, గుడ్డు లోపల ఏముందో నేను చెప్పలేను. సగం పుంజులే అనుకో. అన్నీ పెట్టలే కావాలంటే హేచరీకే పో."

"సగం సగమైతే చాలక్కా," అన్నాడు.

పద్దెనిమిది గుడ్లను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. బస్సు కుదుపులకు అలిసిపోయి ఉంటాయని ఒక రోజంతా కదపకుండా ఉంచి, తర్వాతే కొని తెచ్చిన చిన్న ఇంక్యుబేటర్లో పెట్టాడు. గుడ్డుకు ఒక పక్క గీత, ఇంకో పక్క సున్నా పెన్సిలుతో గీసి, పూటపూటకీ తిప్పేవాడు. ఏడో రోజు గుడ్డు వెనక టార్చిలైటు పెట్టి భార్యను పిలిచాడు. లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా అల్లుకుని ఉన్నాయి. మధ్యలో చిన్న చుక్క కదులుతోంది.

"అమ్మో," అంది ఆమె. ఆ తర్వాత కుట్టుపని మధ్యలో లేచి వచ్చి ఇంక్యుబేటర్లో నీళ్లున్నాయో లేదో తానే చూసుకోవడం మొదలుపెట్టింది.

నాలుగు గుడ్లలో ఏమీ లేదు. మూడు లోపలే చనిపోయాయి. ఇరవై ఒకటో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పదకొండు పిల్లలు పెంకులు పగలగొట్టుకుని బయటపడ్డాయి. తడి ఆరి, దూదిపింజల్లా అట్టపెట్టెలో బల్బు కిందికి చేరాయి.

"చూడండీ, పెట్టలెన్నో?"

ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "చూడను."

"ఊళ్లోవాళ్ల కోసం లక్షలు చూశారు. మన పదకొండూ బరువయ్యాయా?"

అప్పుడు చెప్పాడాయన. నీలం డబ్బా గురించి, అడుగున ఉన్నవి పైనున్న వాటి బరువుకి నలుగుతూ కూడా కూయడం గురించి, ఆ కూత వినబడకుండా తాను లోలోపల అంకెలు లెక్కపెట్టుకోవడం గురించి. పుంజుల్ని చంపరు, వేరే చోటికి పంపిస్తారని ఆమెతో ఇన్నేళ్లూ అబద్ధమే చెప్పాడు. ఆమె "సరే, చూడొద్దులెండి," అని వెళ్లి మిషను ముందు కూర్చుంది గానీ, ఆ సాయంత్రం మిషను చప్పుడు వినబడలేదు.

ఆరు వారాలకు నెత్తిమీది ఎర్ర జుట్టే జాతకం చెప్పేసింది. ఏడు పుంజులు, నాలుగు పెట్టలు.

నాలుగో నెలలో కూతలు మొదలయ్యాయి. ఒకటి కూస్తే మిగతా ఆరూ ఊరుకునేవి కావు. పక్కింట్లో ఉండే నర్సమ్మ, పాపం, గోడ దగ్గరకొచ్చి నెమ్మదిగానే అంది. "అన్నయ్యా, డ్యూటీ దిగి పొద్దున పడుకుంటాను. వారమైంది కంటినిండా నిద్రపోయి. మొన్న ఒక పేషెంటుకి మందు మార్చి ఇవ్వబోయాను."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. షెడ్డుకు గోనెలు కట్టాడు, కిటికీకి అట్టలు అడ్డం పెట్టాడు. కూత ఆగలేదు. పైగా పుంజులు ఒకదాన్నొకటి రక్తాలొచ్చేలా పొడుచుకునేవి. వాటన్నిటికీ ఉన్నవి నాలుగే పెట్టలు. వాటి వీపుల మీద ఈకలు ఊడిపోయాయి. భార్య పాత గుడ్డముక్కలతో పెట్టలకు తొడుగులు కుట్టి కట్టింది. అవీ చిరిగాయి. ఒక పొద్దున అన్నిటికంటే చిన్న పెట్ట షెడ్డు మూలన చచ్చి పడి ఉంది. వీపు మీద చర్మమే లేదు.

ఆమె దాన్ని పాత దిండుగలీబులో చుట్టింది. "అన్నీ ఉంచుకుందామన్నారు," అంది. నిష్ఠూరంగా అనలేదు. అలా అని ఉంటే ఆయనకు కొంత తేలికగా ఉండేది.

పుంజులు కావాలా అని తెలిసినవాళ్లనల్లా అడిగాడు. పెంచుకోవడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. పెద్దావిడకు ఫోన్ చేస్తే, "నా దగ్గరివే ఎక్కువై ఏం చెయ్యాలో తోచట్లేదు తమ్ముడూ," అంది.

ఒకదాన్ని ఉంచి, ఆరింటిని రెండు బుట్టల్లో పెట్టుకుని కోళ్ల కొట్టుకి నడిచాడు. కొట్టువాడు తెలిసినవాడే. "నువ్వెళ్లు పెద్దాయనా, నేను చూసుకుంటా," అన్నాడు.

"లేదు. ఈసారి నేనుంటాను."

ఒక్కొక్కదాన్నీ తానే బుట్టలోంచి తీసి, రెక్కలు అదిమిపట్టి, అతని చేతికిచ్చాడు. ఆరూ అయ్యేదాకా చూపు తిప్పుకోలేదు. ఖాళీ బుట్టలతో ఇంటికొచ్చి, తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ చాలాసేపు ఉండిపోయాడు.

అప్పుడప్పుడే గుడ్లు మొదలుపెట్టిన మూడు పెట్టలూ బెదిరిపోయి మానేశాయి. ఉంచుకున్న ఒక్క పుంజు బదులు కూసేవి లేక ఎప్పుడో ఒకసారి కూసేది. ఇల్లు మళ్లీ మూగబోయింది. నెల గడిచాక, ఎవరూ అడక్కుండానే ఆయన పెట్ట పిల్లల కోసం హేచరీకి వెళ్లాడు. తన బల్ల దగ్గర ఇప్పుడు తాను పని నేర్పిన అమ్మాయే కూర్చుని ఉంది.

"బాబాయ్! ఎన్నాళ్లయింది! మీక్కావాల్సినవి నేనే ఏరి ఇస్తాను, ఆగండి."

పన్నెండు పిల్లల్ని చకచకా చూసి పెట్టెలో పెట్టింది. ఆ పన్నెండు దొరికేలోపు ఆమె ఎడమచెయ్యి పదకొండు సార్లు నీలం డబ్బా వైపు వెళ్లింది. ఆయన లెక్కపెట్టాడు. లెక్కపెట్టకుండా ఉండలేకపోయాడు.

"బరువుగా ఉందా బాబాయ్?" అందుకున్న పెట్టెను ఆయన మళ్లీ బల్ల మీద దించడం చూసి అడిగింది.

"లేదమ్మా."

ఇంటికి తెచ్చాక పిల్లలు బాగానే పెరిగాయి. రోజూ పొద్దున ఆయన షెడ్డులోకి వెళ్లి, ఒక్కోదాన్నీ ఎత్తి నెత్తి తడిమి చూసేవాడు. ఎందుకో భార్యకు చెప్పలేదు. ఎంత నేర్పున్న చెయ్యికైనా నూటికో కోటికో ఒకటి జారకపోదు. ఆ ఒకటి ఈ పెట్టెలోకి జారి ఉంటుందేమోనని ఆయన ఆశ. ఐదు వారాలు చూశాడు, ఏడు వారాలు చూశాడు. తొమ్మిదో వారం చూడటం మానేశాడు.

"ఏమైంది?" అంది భార్య.

"అన్నీ పెట్టలే," అన్నాడాయన. "ఆ పిల్లకి పని బాగా పట్టుబడింది."