దగ్గరికి తోల్కరా

నా రోడ్ల బొమ్మల్లో మనుషులెందుకుండరని అడుగుతుంటారు.

ఒకసారి ఉప్పల్ బస్టాప్‌లో నిలబడి, దూరమయ్యేకొద్దీ చిన్నవవుతున్న మెట్రో స్తంభాలనూ కింది రోడ్డునూ గీస్తున్నాను. ఫోన్‌లో ఫొటో చూపిస్తూ అందరినీ అడుగుతున్న ఒకామె నా దగ్గర ఆగింది.

“మా ఆయన బిడ్డా. నాచారం పోయొస్తనని పోయిండు, మల్ల రాలే. నీ రోడ్డు మీద గీస్తవా?”

రోడ్డు చివర గీశాను.

“గింత చిన్నగనా? జర దగ్గరికి తోల్కరా.”

చెరిపి, ముందుకు తెచ్చాను. మనిషి దగ్గరికొచ్చినా తల మన కంటి మట్టంలోనే ఉంటుంది, పాదాలే కిందికి దిగుతాయి.

“ఇంకా దగ్గరికి.”

మళ్లీ చెరిపి గీశాను. ఈసారి మోకాళ్ల దగ్గరే కాగితం అయిపోయింది.

ఆమె చీరకొంగు తీసి కాగితం అంచుకు ఆనించి పట్టుకుంది.

“పాదాలు దీని మీద గియ్యి బిడ్డా.”