గునపం వేయవద్దన్న చోటు

రాజాం దారిలో బస్సెక్కితే నాకు ఇప్పటికీ కునుకు పట్టదు. నేను పట్టభద్రుడనైన కొత్తలో, ఆ దారిలోనే ఒక రోడ్డు కూలీ స్త్రీ నా పక్కన కూర్చున్నది. రోడ్డును వెడల్పు చేయడానికి పక్కనున్న మట్టిని తవ్వి పోస్తున్నారని ఆమే చెప్పింది.

"ఇయ్యేల తవ్వే కాడే మా పిల్ల ఉన్నాది బాబూ" అన్నది.

పూర్వం కూలీలందరూ ఆ రోడ్డు పక్కనే గుడిసెలు వేసుకున్నప్పుడు, జ్వరంతో పోయిన కూతురిని అక్కడే పూడ్చారట.

"మరోచోట తవ్వమని అర్జీ రాసిస్తాను" అన్నాను.

ఆమె నవ్వింది. "నీ అర్జీ ఎల్లేసరికి మా రోడ్డు ఒరిస్సా ఎల్లిపోతాది."

పని జరిగే చోట మట్టికుప్పలు అడ్డుండడంతో బస్సు ఆగింది. ఆమె దిగగానే వృద్ధుడైన మేస్త్రీ ఎదురొచ్చాడు.

"ఏటే, ఇయ్యేల రావొద్దన్నాను గదా! ఇంటికాడ ఉండలేవేటి?"

"ఉండలేను మావా. అక్కడ గునపం ఎయ్యొద్దని సెప్పు. నా పిల్లని నానే సేత్తో తీసి, వేరే సోట పెట్టుకుంటాను."

మేస్త్రీ కూలీల వైపు తిరిగి చేయి ఎత్తాడు. గునపాలు ఆగిపోయాయి. ఆమె నేలమీద కూర్చుని వట్టి చేతులతో మట్టి తీయసాగింది.

మట్టికుప్పలు తొలగి బస్సు కదిలే సమయానికి, మేస్త్రీ తలపాగా విప్పి పక్కన పరిచి, ఆమె ఎదుట కూర్చుని, తానూ చేతులతోనే తవ్వుతున్నాడు.