కూత వినబడలేదన్నారు

మొన్న మణుగూరు నుంచి వస్తున్న బస్సులో నా ఏడుపు నాకే వినబడింది. నేను నోరు మూసుకుని కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను. మోకాళ్ళ నొప్పులకు దవాఖానాలో ఇచ్చిన మందుల సంచి ఒళ్ళో ఉంది. ముందు సీటులోని కుర్రవాడి ఫోన్‌లోంచి నా గొంతు వస్తోంది. కింద డీజే దరువు, దాని మీద నా రాగం, ఆ పైన ఎవరివో నవ్వులు. వాడు పక్కవాడి భుజం చరిచి, "గిది జూడరా, ఏడుపు బ్యాచ్" అన్నాడు. ఆ బొమ్మలో అద్దాల రవికె తొడుక్కుని, మోచేతుల దాకా గాజులేసుకున్న ముసలిది వాళ్ళ వీపు వెనకే కూర్చుని ఉందని వాళ్ళకు తెలియదు. ఫోన్‌లో మనిషి కనబడుతుంటే బయట మనిషిని ఎవరు చూస్తారు.

మాది అడవి అంచున లంబాడి తండా. ఒకపక్క జామాయిల్ తోటలు, ఒకపక్క బొగ్గు లారీలు పోయే రోడ్డు. గాలి ఎటు తిరిగినా దుమ్ము మా అన్నంలోనే పడుతుంది. నా కొడుకు ఆ లారీల్లోనే ఒకటి నడుపుతాడు. నాకు అక్షరాలు వచ్చింది కొడుక్కి పెళ్ళై, పిల్ల పుట్టి, ఆ పిల్ల బడికి పోయిన తరువాత. నేర్పింది ఆ పిల్లే, నా మనవరాలు. బడి నుంచి వచ్చి, చింతబరికె పట్టుకుని, నన్ను గోడకు ఆనుకుని కూర్చోబెట్టి పలకమీద దిద్దించేది. ఒత్తులు తప్పితే వేళ్ళ మీద కొట్టేది. ఆ దెబ్బల కంటే, ఏడవడానికి వీల్లేదని చెప్పడం ఎక్కువ నొప్పిగా ఉండేది. "బడిల ఏడిస్తే పేరు కొట్టేస్తరు దాదీ" అని బెదిరించేది. దాది అంటే మాలో నాయనమ్మ. ఇప్పుడు నేను రాస్తున్న ఈ వంకర అక్షరాలన్నీ ఆ పిల్ల పెట్టినవే. ఆ పిల్ల మళ్ళీ ఒక్కసారి నా మెడ పట్టుకుని ఏడవాలన్నది తప్ప ఈ వయసులో నాకు వేరే కోరిక లేదు. అది జరిగేటట్టు లేదు. అందుకే రాస్తున్నాను.

కోరిక వింతగా ఉందనుకుంటారు. మా ఆడవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. అయినవాళ్ళు చాన్నాళ్ళకు ఎదురైతే బాగున్నావా అని అడగం. మెడలు పట్టుకుని రాగం తీసి ఏడుస్తాం. చెప్పాల్సినవన్నీ అందులోనే చెప్పుకుంటాం. ఎవరు పోయారు, పత్తి ఎట్లా పోయింది, నువ్వెందుకిట్లా చిక్కావు, నిన్ను కన్న కడుపు ఎట్లా ఓర్చుకుంది. ఒకరి ఊపిరి అయిపోయే చోట ఇంకొకరు అందుకోవాలి. అందుకోకపోతే ఇష్టం లేదని అర్థం. అంతా అయ్యాక ముక్కు తుడుచుకుని, చెంబెడు నీళ్ళు తాగి, నవ్వుకుంటూ వంటలో పడతాం. ఒకసారి దమ్మపేట వైపు నుంచి ఒక పెద్ద రైతు కూలీల కోసం మా వాకిట్లోకి వచ్చాడు. నేనూ నా చెల్లెలూ అప్పుడే మెడలు పట్టుకున్నాం. ఇంట్లో ఎవరో పోయారనుకుని, పాపం, ఆయన చెప్పులు విప్పి, తల వంచుకుని నిలబడ్డాడు. కాసేపటికి మేమిద్దరం పకపకా నవ్వుతూ చాయ్ ఇస్తే ఆయన గ్లాసు పట్టుకుని మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. ఆయనకు మా పద్ధతి ఏమీ అర్థం కాలేదు. అయినా చెప్పులు విప్పాడు. ఆ సంగతి నేను మరిచిపోను.

మనవరాలు ఎదిగి గిరిజన ఆడపిల్లల హాస్టలు బడిలో చేరింది. అక్కడ ఆటల మేడమ్ ఒకామె దాని కాళ్ళు చూసి కబడ్డీలో పెట్టింది. జింక పిల్లకు నేర్పాలా పరుగు. ఆ చలికాలం పోటీలు గనుల కాలనీలోని ఒక హైస్కూలు గ్రౌండులో పెట్టారు. దసరాకు కూడా ఇంటికి రాని పిల్ల, ఆట చూడటానికి రమ్మని కబురు చేసింది. నేనూ నా తోడికోడలూ పత్తి ఏరడం మానేసి, పెట్టెలోని అద్దాల లంగాలు తీసి కట్టుకుని, జొన్నరొట్టెలూ మిరపకాయ తొక్కూ మూటగట్టుకుని ఆటో ఎక్కాం. గ్రౌండు గేటు దాటగానే పిల్ల చూసింది. నీలం రంగు బనీను, వీపు మీద నంబరు, రెండు జడలు మడిచి కట్టింది. "దాదీ" అని పరుగెత్తుకుని వచ్చింది. ఇంకేం చేస్తాం. మెడలు పట్టుకున్నాం. నేను అందుకున్నాను, అది అందుకుంది, తోడికోడలు అందుకుంది. చుట్టూ ఎంతమంది ఉన్నారో చూసుకోవాలని మాకు ఎవరూ నేర్పలేదు.

మెట్ల మీద కాలనీ బడి పిల్లలు, వాళ్ళ వెనక పెద్దవాళ్ళు కూర్చుని ఉన్నారు. ముందు అంతా చప్పుడు ఆపి చూశారు. గేటు పక్కన ఒకడు ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు, ఆ బొమ్మే ఇప్పటికీ తిరుగుతోంది. తరువాత ఒకడు నా రాగాన్ని ఎత్తుకున్నాడు. ఆ పక్కన ఇంకొకడు. నవ్వులు మొదలయ్యాయి. పోనీలే, పిల్లలు అనుకున్నాను. ఆట మొదలయ్యాక తెలిసింది. మా పిల్ల గీత దాటి కూతకు వెళ్ళినప్పుడల్లా మెట్లన్నీ కలిసి ఏడవడం మొదలుపెట్టాయి. చేతులు ఊపుతూ, ఒకడి మెడ ఒకడు పట్టుకుని, ముక్కులు చీదుతూ. వేరే బడుల ఆటగత్తెలు వస్తే ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. మా పిల్లలు వస్తేనే ఏడుపు. మధ్యలో మాటలు: "బకెట్ తేరా, నిండినట్టుంది." "మీ అడివిల ఎవరు సచ్చిండ్రే?" "పొద్దుగాల్నే ఇప్పసారా పట్టిచ్చిండ్రు." పెద్దవాళ్ళు కూడా నోటికి కండువా అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ గోలలో ఒక గొంతు మాత్రం రాగం ఎక్కడా తప్పలేదు. ఎక్కడ ఊపిరి తియ్యాలో, ఎక్కడ వణకాలో దానికి తెలుసు. వెతికి చూశాను. మా జాతి పిల్లవాడే, కాలనీలో పుట్టి పెరిగినవాడు. వాళ్ళ అమ్మ ఏడుపు విని నేర్చుకున్న రాగంతో అందరి కంటే బాగా వెక్కిరిస్తున్నాడు. నన్ను కోసింది ఆ ఒక్క గొంతే.

ఆట చివరికి వచ్చింది. మా పిల్లలు ఒక్క పాయింటు వెనక. కబడ్డీలో కూత పట్టినవాళ్ళు ఊపిరి ఆపకుండా "కబడ్డీ, కబడ్డీ" అంటూనే ఉండాలి, ఆ మాట అంపైరుకు వినబడాలి. అది నాకు ఆ పిల్ల చెప్పిందే. మనవరాలు వెళ్ళింది, ఇద్దరిని తాకింది, ముగ్గురు మీద పడ్డారు, పాము జారినట్టు జారి గీత మీద చెయ్యి పెట్టింది. నేను లేచి నిలబడ్డాను. అంపైరు ఈల వేసి, పిల్ల అవుటన్నాడు. కూత తెగిందన్నాడు. "తెగలే సార్, అంటనే ఉన్న" అని పిల్ల రొప్పుతూ చెప్పింది. "నాకైతే ఇనబళ్ళే" అన్నాడు. నిజమే, ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ ఏడుపులో దాని కూత ఎవరికి వినబడుతుంది. పిల్ల గీత దగ్గరే నిలబడి మెట్ల వైపు చూడలేదు, మేడమ్ వైపు చూడలేదు. నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

ఆటల మేడమ్ ఊరుకోలేదు. ఫిర్యాదు ఇచ్చింది. మా తండా పెద్దలు ఆమె వెనక నిలబడ్డారు. వారం తిరిగేలోపు ఆ కాలనీ బడి హెడ్మాస్టరు గదిలో అందరినీ కూర్చోబెట్టారు. పోలీసు ఎస్సై కూడా వచ్చాడు. చెడ్డవాడు కాదు, నాకు కుర్చీ తనే జరిపాడు.

"కులం పేరు వెట్టి తిట్టిండ్రా అమ్మా?" అని అడిగాడు.

"లే సార్."

"చెయ్యి జేసుకున్నరా?"

"లే."

"మరేం జేసిండ్రు?"

"ఏడ్సిండ్రు సార్."

ఆయన కలం పక్కన పెట్టాడు. "ఏడిస్తే కేసెట్లయితదమ్మా?"

మేడమ్ అందుకుంది. "వాళ్ళు ఆటను ఎక్కిరియ్యలే సార్, జాతిని ఎక్కిరిచ్చిండ్రు. వేరే బడి పిల్లలొస్తే ఎందుకు ఏడ్వలే?"

"జాతి గీతి అని గంత పెద్ద మాటలెందుకు మేడమ్" అన్నాడు హెడ్మాస్టరు. "అరిచినోళ్ళల్ల మీ లంబాడోళ్ళ పోరడు గూడ ఉన్నడు. వాని మీద గూడ అదే కేసు వెడతరా?" ఒక పిల్లవాడి తండ్రి, కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్నాయన, "మమ్మల్ని కూడా ఇక్కడ వలసొచ్చినోళ్ళంటారండీ. మేం ఎప్పుడన్నా కేసులెట్టామా?" అన్నాడు. ఒక క్షణం నాకు ఆయన మాట న్యాయంగానే తోచింది. తరువాత గుర్తొచ్చింది. వాళ్ళ ఇంట్లో ముసలాయన పోయిన రోజు మేం తండా అంతా వెళ్ళి వాకిట్లో నిలబడ్డాం. వాళ్ళ ఏడుపు విని ఎవరం నవ్వలేదు.

ఎస్సై నిట్టూర్చి, "ఏదమ్మా, ఎట్ల ఏడ్సిండ్రో ఒక్కసారి జూపియ్యి. నాకన్న తెలుస్తది" అన్నాడు. గదిలో ఒకడు నవ్వు మింగాడు. పిల్ల కోసం దానికీ సిద్ధపడ్డాను. కానీ మా ఏడుపు ఒంటరిగా వచ్చేది కాదు. పట్టుకోవడానికి మెడ కావాలి, అందుకోవడానికి గొంతు కావాలి. లేచి, పక్కన నిలబడ్డ మనవరాలి వైపు చేతులు చాపాను. అది ఒక అడుగు వెనక్కి వేసింది. "వద్దు దాదీ" అంది, మా మాటలో కాదు, తెలుగులో. చేతులు చాచినవి చాచినట్టే ఉండిపోయాయి. ఎన్ని గాజులు వేసుకున్నానో ఆ గదిలో అప్పుడే తెలిసింది, అంత చప్పుడు చేశాయి.

తరువాత అన్నీ జరగాల్సినట్టే జరిగాయి. ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే మన్నించమని హెడ్మాస్టరు ఒక మాట చదివాడు, నా భుజాల మీద శాలువా కప్పాడు. ఆ శాలువా మా మేకపిల్లకు చలికి బాగా పనికొచ్చింది. కేసు కాలేదు. ఆట ఫలితం మారలేదు. పిల్ల ఆట మానుతుందని భయపడ్డాను, మానలేదు. ఇప్పుడు ఖమ్మంలో కాలేజీ తరపున ఆడుతోంది, బాగా ఆడుతుందంటారు. ఎప్పుడు, ఎక్కడ అన్నది ఇంట్లో చెప్పదు. సెలవులకు వస్తే ఆటో దిగి, చెయ్యి అందనంత దూరంలో నిలబడి, "బాగున్నవా దాదీ" అంటుంది. అవ్, బాగున్న అంటాను. ఇంకేమనాలి. నేను పోయిన రోజు కూడా అది అంత దూరంలోనే నిలబడుతుందేమో. దాన్ని చూసి తండాలోని మిగతా ఆడపిల్లలు కూడా నమస్తే పెట్టడం నేర్చారు. చక్కగానే పెడతారు.

బస్సులో ఆ కుర్రవాడి భుజం తట్టాను.

"ఏందవ్వా?"

"మొదట్ల సంది వెట్టు బిడ్డా."

వాడు ఫోన్ చూశాడు, నా చేతుల గాజులు చూశాడు, మళ్ళీ ఫోన్ చూశాడు. ముఖం మాడిపోయింది. "తీసేస్త అవ్వా, ఇప్పుడే తీసేస్త" అన్నాడు.

"తియ్యకు. నా కొడుకు ఫోన్‌కు పంపు" అన్నాను.

ఎందుకో వాడికి చెప్పలేదు, మీకు చెబుతాను. ఆ బొమ్మ మొదట్లో, దరువూ నవ్వులూ మొదలు కాకముందు, వాళ్ళు కత్తిరించడం మరిచిపోయిన ముక్క ఒకటి ఉంది, బొమ్మ అయిపోయి మళ్ళీ మొదలైనప్పుడు నా చెవిన పడింది. నా ఊపిరి అయిపోతుంది, మనవరాలు అందుకుంటుంది. "ఈ రోజు గెలుస్తా దాదీ, నా కాళ్ళు చూడు, నా కాళ్ళు చూడు" అని మా మాటలో, నా మెడలో ముఖం పెట్టి ఏడుస్తుంది. ఆ గొంతు ఇంకెక్కడా మిగల్లేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కొడుకు ఫోన్ తీసి అంతవరకు వింటాను, నవ్వులు రాకముందే వేలితో ఆపేస్తాను. ముసలిదాన్ని, ఆ వేలు రోజురోజుకూ కొంచెం ఆలస్యమవుతోంది.