లేజరు మనుషుల నడక

సరోజా, మన కేజీఎఫ్ పార్కులో రాత్రి లేజరు ప్రదర్శన "పాతదే, రంగులు ఎక్కువ, అంతే" అని రాశావు. తప్పు. మన చిన్నప్పుడు ప్రదర్శన చివర్లో దీపాలన్నీ ఆర్పేసేవారు. బంగారు గనిలో పనిచేసే మన నాయనలే తలదీపాలు వెలిగించుకుని చీకట్లోంచి వరుసగా నడిచొచ్చేవారు. ముఖాలు కనబడవు, నడకను బట్టి పోల్చుకునేవాళ్ళం, గుర్తుందా?

"కుంటుకుంటా వస్తా ఉండేది మా నాయన!" అని నేను గర్వంగా అరిచేదాన్ని.

"ఏం గొప్పలే! మా నాయన దగ్గు ఇన్నావా?" అనేదానివి నువ్వు.

నిన్న చూశాను. లేజరు వెలుగుతో గీసిన గని కార్మికులు పదిమందీ ఒకే అడుగు వేశారు, పెళ్ళి ఊరేగింపుకు పోతున్నట్టు. ఒక్కరైనా కుంటలేదు, దగ్గలేదు.

రేపు పార్కు గేటు దగ్గర ఫిర్యాదుల పుస్తకం అడుగు. మన నాయనలు అలా నడవలేదని ఇద్దరి పేర్లతో రాసి రా. పెన్ను నువ్వే తీసుకెళ్ళు, అక్కడిది రాయదు.